గోల్ అంటే లక్ష్యమేనా? ముందు గీత ఎక్కడుందో చూడాలి

గాజువాక నుంచి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్యాంపస్ ఇంటర్వ్యూలో "మీ గోల్ ఏంటి?" అన్నారట, నోట మాట రాలేదట. ఆ టెన్షన్‌తోనే ఇంటికొచ్చి టీవీ పెడితే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్. ఛానెల్ మారిస్తే ఎవరో నాయకుడు "మా ప్రభుత్వ లక్ష్యం" అంటున్నాడు. "ఈ మూడూ ఒకటేనా? ఒకటే అయితే మైదానంలో అందరికీ తెలిసిపోయేది నాకెందుకు తెలియడం లేదు? తెలుగులో దీనికి సరైన మాట ఏది?" ఇదీ ఆమె సందేహం.

అమ్మా, ఒకటి కాదు. నేను విశాఖలో ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఏళ్లకు పైగా సబ్ ఎడిటర్‌గా చేశాను. సగం కాలం స్పోర్ట్స్ పేజీ, సగం కాలం జిల్లా వార్తలు, రాజకీయాలు. గోల్ అన్న మాట ఇంగ్లీషు కాపీలో రోజూ నా టేబుల్ మీదికి వచ్చేది. ప్రతిసారీ దాన్ని తెలుగులో ఏమని రాయాలా అని ఆగేవాడిని. అంతకుముందు, చదువుకునే రోజుల్లో, నేను గోల్‌కీపర్‌ని. అందుకని మైదానం నుంచే మొదలుపెడతాను.

వర్షాకాలం, ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌లో మ్యాచ్. పొద్దున్న వేసిన సున్నం గీత సగం కరిగి బురదలో కలిసిపోయింది. ఎదుటి జట్టు కుర్రాడు కొట్టిన బంతి నా చేతి కింద నుంచి జారి, నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా గీత మీద బురదలో కూరుకుపోయింది. నేను వెనక్కి దూకి దాన్ని అక్కడికక్కడే అదిమి పట్టాను. వాళ్లు అప్పటికే చేతులెత్తి పరుగులు పెడుతున్నారు. రిఫరీ విజిల్ వేసి, పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. వేలితో బురద పక్కకు తీసి, కింద మిగిలిన తెల్లటి మరక చూశారు. బంతిలో ముప్పాతిక వంతు లోపలే ఉంది. ఒక వెడల్పాటి అంచు మాత్రం ఇంకా ఆ మరక మీదే ఉంది. "బంతి మొత్తం గీత మొత్తం దాటాలి, దాటలేదు" అని లేచి నిలబడ్డారు. గోల్ ఇవ్వలేదు. వాళ్లు చాలా గొడవ చేశారు. నాకిప్పటికీ ఆ వేలు, ఆ సున్నం మరక కళ్లకు కట్టినట్టు ఉంటాయి.

ఫుట్‌బాల్‌లో గోల్ అంటే 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న చట్రం కింద గీసిన గీతను బంతి పూర్తిగా దాటడం. అంతకు మించి ఏమీ లేదు. బాగా ఆడారా, కష్టపడ్డారా అన్నది లెక్కలోకి రాదు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీత లోపల పడి బయటికి వచ్చింది. స్టేడియం అంతా చూసింది, రిఫరీకి కనపడలేదు, గోల్ ఇవ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లకు గోల్ గీత దగ్గర యంత్రాల సాయం తీసుకోవడానికి నియమాలు ఒప్పుకున్నాయి, 2014 ప్రపంచకప్‌లో వాడారు. ఇంగ్లీషులో ఈ మాటకు పాత అర్థం కూడా హద్దు, పరుగు పందెం ముగిసే చోటు అనే. మైదానంలో అందరికీ ఎందుకు తెలిసిపోతుందని అడిగారు కదా, ఇందుకే. ఆట మొదలవకముందే గీత గీసేశారు, అది ఇరు జట్లకూ ఒకటే, దాన్ని కాపలా కాసే మనిషి ఒకడున్నాడు.

గీత సరిగ్గా లేని చోట ఏమవుతుందో చూడాలంటే సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లండి. పిల్లలు రెండు చెప్పులు ఇటు, రెండు చెప్పులు అటు పెట్టి ఆడుతుంటారు. పది నిమిషాలకోసారి తగువు. "బంతి చెప్పు మీద నుంచి పోయింది, గోల్ కాదు" అని ఒకడు. "నువ్వే కాలితో చెప్పు లోపలికి జరిపావు" అని ఇంకొకడు. ఆ చెప్పు జరపడం అనే పనిని గుర్తుపెట్టుకోండి, రాజకీయాల దగ్గరికి వచ్చాక మళ్లీ అవసరం పడుతుంది.

అన్ని ఆటల్లోనూ గోల్ ఒకేలా ఉండదు. హాకీలో బంతి నెట్‌లో పడినంత మాత్రాన సరిపోదు, గోల్ ముందు గీసే డీ ఆకారపు గీత లోపల దాడి చేసే జట్టు కర్ర తగిలి ఉండాలి. దూరం నుంచి ఎంత అందంగా కొట్టినా లెక్కలోకి రాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో అయితే ఎంత ఎత్తబోతున్నారో ముందే చెప్పాలి, చెప్పింది ఎత్తాలి. మన పక్క శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగింది, అది నిలవలేదు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అయినా ఆ రోజు ఆమె తన నోటితో చెప్పుకున్న బరువు, ఆమెకు దక్కిన పతకం రెండూ వేర్వేరు. నాకు ఆ ఆట మీద గౌరవం అందుకే. అనుకున్నదేంటో, అయిందేంటో రెండూ బోర్డు మీద పక్కపక్కన కనిపిస్తాయి.

క్రికెట్‌లో ఇంకో తమాషా ఉంది. అక్కడ టార్గెట్ మనం పెట్టుకునేది కాదు, ఎదుటివాళ్లు మన ముందు పెట్టేది. తెలుగు పేపర్లలో "లక్ష్య ఛేదన" అని రాస్తాం. 2025 అక్టోబరు 12న మన పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. మనవాళ్లు 330 చేశారు, ఆస్ట్రేలియా లక్ష్యం 331. అలిస్సా హీలీ 142 కొట్టింది, వాళ్లు గెలిచారు. మహిళల వన్డేల్లో అంతకుముందు ఎవరూ అంత లక్ష్యాన్ని ఛేదించలేదు. విశాఖ జనం మౌనంగా ఇళ్లకు వెళ్లారు. 18 రోజుల తర్వాత నవీ ముంబయి సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా మన ముందు 339 పెట్టింది. జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో చివరిదాకా నిలబడింది, మనవాళ్లు దాన్ని కొట్టేసి ఫైనల్‌కి వెళ్లారు. విశాఖలో ఆస్ట్రేలియా చేసి చూపించకపోతే, 339 మనకు కొండలా కనపడి ఉండేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఇక మాటల సంగతి. లక్ష్యం అన్న మాట విలువిద్య నుంచి వచ్చిందని మనందరికీ తెలుసు. చెట్టు మీద పిట్ట, దాని కన్ను, అర్జునుడు. అయితే ఈ మాటకు తెలుగులో రెండో ముఖం ఉంది, దాన్ని మరిచిపోయాం. "నేనెంత చెప్పినా వాడు లక్ష్యపెట్టలేదు" అంటాం. నిర్లక్ష్యం అంటాం. నిర్లక్ష్యం అంటే లక్ష్యాలు లేకపోవడం కాదు కదా, శ్రద్ధ లేకపోవడం. అంటే లక్ష్యం అనేది ఎక్కడో దూరంగా ఉన్న బిందువు మాత్రమే కాదు, దాని మీద నిలిపిన చూపు కూడా.

గురి అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట. "గురి కుదిరింది" అంటే చూపు నిలిచింది. "ఆ డాక్టరు మీద నాకు గురి" అంటే నమ్మకం. రెండూ ఒకే మాట కావడం ఊరికే జరిగింది కాదనుకుంటాను. గమ్యం అంటే వెళ్లి చేరాల్సిన చోటు, అందులో నడక ఉంది. ధ్యేయంలో ధ్యానం ఉంది. ఆశయం అన్నది చాలామంది ఆశతో కలిపి చూస్తారు కానీ, జలాశయం, గర్భాశయం అన్న మాటల్లో ఉన్నది ఈ ఆశయమే. లోపల నిలిచి ఉన్నది అని అర్థం. కాబట్టి ఆశయానికి గడువు అడగకూడదు. లక్ష్యానికి అడగాలి.

టార్గెట్ మాత్రం మన ఊళ్లో వేరే రుచి పట్టుకుంది. మెడికల్ రెప్‌లు, బ్యాంకుల్లో ఇన్సూరెన్స్ అమ్మమని ఒత్తిడి తినే పిల్లలు "ఈ నెల టార్గెట్ పడింది" అంటారు, పన్ను పడినట్టు, జరిమానా పడినట్టు. "నన్ను టార్గెట్ చేశాడు" అంటే నా మీద పగబట్టాడు అని. బాణం గుర్తున్నవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. వేసేవాడి వైపు నుంచి అది లక్ష్యం, తగిలేవాడి వైపు నుంచి అది దెబ్బ.

రాజకీయాల్లో నేను ఎక్కువగా చూసింది ఈ మాటలన్నీ ఒకదాని చోట ఒకటి కూర్చోవడం. ఒకసారి నేను "నూరు శాతం లక్ష్యం సాధించిన మండలం" అని మరుగుదొడ్ల నిర్మాణం మీద హెడ్డింగ్ పెట్టాను. అధికారులు పంపిన అంకెలు సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు ఏజెన్సీ (మన్యం) ఊరి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏటి బాబూ సాధించీసింది? గోడలు లెగిసాయి, నీళ్లేవీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. జనం బయటికి వెళ్లకుండా ఉండడం అసలు ఉద్దేశం. ఇన్ని గదులు కట్టడం దానికి పెట్టుకున్న లెక్క. నేను లెక్కను తీసుకెళ్లి ఉద్దేశం కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ రోజు నుంచి అలాంటి వార్తల్లో "లక్ష్యం సాధించింది" అని రాయడం మానేసి, "ఇన్ని కట్టారు" అని రాయడం మొదలుపెట్టాను. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించి, 2030కల్లా అందుకోవాలన్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద 169 టార్గెట్లు. ఇంగ్లీషులో రెంటికీ రెండు మాటలున్నాయి. తెలుగులో రెండూ లక్ష్యాలే అయి కూర్చుంటాయి. మేం చిన్నవాటిని ఉపలక్ష్యాలు అని రాసేవాళ్లం, పాఠకుడికి ఎంతవరకు తెలిసేదో మరి.

ఇప్పుడు ఆ చెప్పు జరపడం గురించి. మన రాజ్యాంగం 45వ అధికరణలో, అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని ఉండేది. అంటే 1960. ప్రభుత్వాలు ఎలా నడవాలో రాజ్యాంగం చెప్పే ఆదేశిక సూత్రాల్లో సంవత్సరాల గడువు పెట్టింది దానికే. ఆ గడువు దాటిపోయింది. కోర్టుకు వెళ్లి అడగడానికి కూడా లేదు, ఆదేశిక సూత్రాలను కోర్టులు అమలు చేయించలేవని 37వ అధికరణే చెబుతుంది. 2002లో 86వ సవరణ ద్వారా ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు ప్రాథమిక హక్కు అయింది. దాని కోసం 2009లో చేసిన చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే చదువు, అదే పిల్లలు. లక్ష్యంగా ఉన్నంత కాలం గడువు జరుగుతూ వచ్చింది. హక్కు అయ్యాక, బడి తలుపు మూస్తే తండ్రి కోర్టుకు వెళ్లొచ్చు.

నా అనుభవంలో రాజకీయాల్లో అసలు తేడా ఇదే. ఇవ్వాల్సినవాళ్లు లక్ష్యం అంటారు, అడిగేవాళ్లు హక్కు అంటారు. 1966లో మన జనం ఏమన్నారో చూడండి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు". ఉక్కు మా లక్ష్యం అనలేదు, ఆశయం అనలేదు. ప్రాస కోసం అన్నారని కొందరంటారు. ప్రాస ఉంది, కాదనను, కానీ ప్రాణాలు పోయేదాకా జనాన్ని నిలబెట్టింది ప్రాస కాదు. 1970 ఏప్రిల్ 17న విశాఖకు ఉక్కు కర్మాగారం ఇస్తున్నట్టు ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఇందులో గోల్ ఎప్పుడు పడినట్టు? ఉద్యమం చేసినవాళ్లను అడిగితే 1970 అంటారు. కర్మాగారంలో పనిచేసినవాళ్లు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన ఫర్నేసులు (ఇనుము కరిగించే కొలిములు) వెలిగిన రోజులు చెబుతారు. భూములిచ్చి, ఉద్యోగం వస్తుందని ఆర్ కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన కార్డు) దాచుకున్న కుటుంబాల్లో చాలామందికి బంతి ఇంకా గీత మీదే ఉంది. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారంలో తన వాటాలన్నీ అమ్మాలని నిర్ణయించినప్పుడు, దాని పక్కనే ఉన్న కూర్మన్నపాలెంలో మళ్లీ అదే నినాదం వినపడింది.

రైల్వే జోన్ ఇంకో రకం. 2014 విభజన చట్టంలో ఉన్నది, ఆరు నెలల్లోగా కొత్త జోన్ ఏర్పాటును "పరిశీలించాలి" అని. మనం దాన్ని "ఇస్తారు" అని చదువుకున్నాం. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. ప్రతి మెట్టు దగ్గరా కల నెరవేరిందని స్వీట్లు పంచారు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. గీత ముందే గీయకపోతే ఎన్నిసార్లయినా గోల్ అనొచ్చు, ఎన్నిసార్లయినా కాదనొచ్చు. చెప్పులు పెట్టుకుని ఆడే పిల్లల తగువే ఇది కూడా.

సెల్ఫ్ గోల్ అన్న మాట గురించి చిన్న మనవి. నాయకుడు నోరు జారితే "సెల్ఫ్ గోల్ వేసుకున్నాడు" అని రాయడం మన పేపర్లకు అలవాటు. నేనూ రాశాను. 1994 ప్రపంచకప్‌లో కొలంబియా డిఫెండర్ ఆంద్రెస్ ఎస్కోబార్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకి పోయింది. పది రోజుల తర్వాత కొలంబియాలోని మెదెయిన్ నగరంలో అతన్ని కాల్చి చంపారు. ఆ వార్త నా షిఫ్టులోనే వచ్చింది. తర్వాత ఆ మాట హెడ్డింగ్‌లో పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

మరి ఇంటి సంగతి. మన ఇళ్లల్లో గోల్ అన్న మాటే లేదు, లక్ష్యం కూడా బడి వ్యాసాల్లోనే. అమ్మానాన్నలు ఏమంటారో గమనించండి. "పిల్లలు ఒడ్డున పడితే చాలు." "ఈ ఏడాది గట్టెక్కితే చాలు." "వాడూ ఒక దారిన పడ్డాడు." అన్నీ నీళ్లలోంచి బయటపడే మాటలు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు ఇవి సామెతలు కావు, రోజువారీ లెక్క. పాత రోజుల్లో వేటకు వెళ్లిన మనిషి సముద్రంలోంచి యారాడ కొండ ఎటుంది, సింహాచలం కొండ ఎటుంది అని చూసుకుని తన చోటు తెలుసుకునేవాడు. చేపలున్న చోటుకు వెళ్లడానికీ ఆ కొండలే గుర్తు, తిరిగి రావడానికీ ఆ కొండలే. ఇంటర్వ్యూలో మీకు మాట రాకపోవడానికి ఇదొక కారణం అనుకుంటున్నాను. ఒడ్డు చేరడం ఎలాగని నేర్పిన ఇంట్లోంచి వెళ్లి, గోల్ కొట్టేవాళ్ల భాషలో జవాబు చెప్పమంటే ఎవరికైనా తడబాటు వస్తుంది. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇంకొక రకం ఉంది, దాన్ని ఏ ఆటతోనూ పోల్చలేను. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మీరూ చూసే ఉంటారు. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి హనుమంతవాక, అప్పూఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టి, 32 కిలోమీటర్లు నడిచి, మళ్లీ బయల్దేరిన చోటికే వస్తారు. కిలోమీటర్ల లెక్కన చూస్తే అంగుళం ముందుకు పోయింది లేదు. మా అమ్మ 60 దాటాక కూడా వెళ్లేది. ఒక ఏడాది ఎన్‌ఏడీ దగ్గర అరికాళ్లు బొబ్బలెక్కి రోడ్డు పక్కన కూలబడింది. ఎవరో కుర్రాడు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి "ఇంకెంతో లేదు మామ్మా" అన్నాడు. అప్పటికి చాలా దూరమే ఉంది. అమ్మ లేచి నడిచింది. గమ్యం అన్న మాట ఎక్కడ కనపడినా నాకు ఆ మజ్జిగ గ్లాసు గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ ఇంటర్వ్యూ. వాళ్లు "గోల్ ఏంటి" అన్నప్పుడు సాధారణంగా అడిగేది రెండు మూడేళ్లలో మీరు ఏ పని మీద చూపు పెడతారని. మీ జీవితాశయం వాళ్లకు అక్కర్లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అది లోపల ఉండేది, ఉండనివ్వండి. బంతి గీత దాటిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలిగే ఒక్క పని ఎంచుకోండి. "కంపెనీకి మంచి పేరు తెస్తాను" అంటే అందులో గీత లేదు. "మొదటి ఏడాది పూర్తయ్యేలోగా ఒక చిన్న ప్రాజెక్టు ఎవరి సాయం లేకుండా నేనే మొదలుపెట్టి నేనే పూర్తి చేయగలగాలి" అంటే ఉంది. తెలుగులో చెప్పాల్సి వస్తే లక్ష్యం అనండి, సరిపోతుంది. ఇంట్లో అమ్మమ్మ అడిగితే మాత్రం "ఒడ్డున పడతానులే" అనండి, ఆవిడకు అర్థమయ్యే మాట అదే.

మీరు ఏ కోర్సు చదువుతున్నారో రాయలేదు. రాస్తే, ఆ పనిలో గీత ఎక్కడ గీసుకోవచ్చో కలిసి చూద్దాం.